నువ్వు బేరం

దుప్పటి మూలని పరుపు కిందికి దోపి, అరచేత్తో ఒకసారి సాపు చేసి, హిల్కా రౌతియో రెండడుగులు వెనక్కి జరిగి మంచాన్ని చూసింది. బాగానే ఉంది. ఇక దిండు మీద కార్డు పెడితే ఈ గది అయిపోయినట్టే. బూడిదరంగు కార్డు, దాని మీద చీమతలకాయంత అక్షరాలతో, "వచ్చావా? మంచిది. ఇక పడుకో" అని ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఏదో పెద్ద కంపెనీవాళ్ళు వారాల తరబడి కూర్చున్నారట. పోనీ అక్కడితో ఆగారా అంటే అదీ లేదు. స్నానాలగదిలో తువ్వాలు మీద "తుడుచుకో" అని కుట్టి ఉంటుంది. తలుపు లోపలివైపు "గొడుగు తీసుకెళ్ళు, తరవాత నన్ననకు" అని ఉంటుంది. ఈ హోటల్లో గోడలు కూడా మనిషిని నువ్వనే అంటాయి.

హోటల్ పేరు హర్మా. అంటే బూడిదరంగు. నవంబరులో హెల్సింకీ ఆకాశం ఆ రంగే, సముద్రం ఆ రంగే, రోడ్డు మీద మనుషుల కోట్లు కూడా ఆ రంగే. అది చాలదన్నట్టు లోపల గోడలకి కూడా అదే పూసి, దీపాలకి తెల్ల ఉన్ని తొడుగులు తొడిగి, ఊరూరి నుంచి జనాన్ని రప్పిస్తున్నారు. రప్పిస్తే వస్తున్నారు కూడా. ఎవరి పిచ్చి వారికానందం. గదులకి నంబర్లు లేవు, ఒక్కో గదికి ఒక్కో రకం మంచు పేరు. పొడిమంచు, తడిమంచు, చెట్టుమంచు, ఏప్రిల్ మంచు. తాళంచెవి చేతిలో పట్టుకుని చెట్టుమంచు ఎక్కడుందో తెలియక వరండాలో తచ్చాడే అతిథుల్ని చెయ్యిపట్టి తీసుకెళ్ళి దిగబెట్టడం కూడా హిల్కా ఉద్యోగంలో భాగమైపోయింది.

పొట్టిమనిషి. మోకాళ్ళ దగ్గర కొంచెం బయటికి వంగిన కాళ్ళు, నీళ్ళలో నానీ నానీ ఎర్రబడిన చేతులు, వెనక్కి బిగించి దువ్విన పలచని జుట్టు. హోటలువాళ్ళిచ్చిన నారబట్ట చొక్కా వేసుకుంటుంది. అది కుట్టినవాడికి జేబులంటే ఏం పగో, ఒక్కటీ పెట్టలేదు. అందుకని తుడుపుగుడ్డ నడుముకి దోపుకుంటుంది. అది చూస్తే డిజైనరు ఏడుస్తాడని రిసెప్షన్ పిల్ల పిహ్లా అంటుంది. ఏడవనీ అంటుంది హిల్కా.

కిటికీ అవతల పొగమంచు. రేవులో ఓడ ఒకటి కూత పెట్టింది. ఆ కూత ఎటునుంచి వచ్చిందో తెలియలేదు. పొద్దెక్కిందా లేదా అని అడిగితే చెప్పలేని వెలుతురు. ఇలాంటి రోజుల్లో తను నిజంగా లేచి ట్రామెక్కి పనికొచ్చిందో, కల్లియో పేటలో తన ఒంటిగది ఇంట్లో ఇంకా పడుకునే ఉండి కలలో ఈ పక్కలు వేస్తోందో హిల్కాకి సరిగ్గా తేలదు. కలలో అయినా ఆవిడ వేసేది పక్కలే. పదిహేడో ఏట పల్లె విడిచి వచ్చినప్పటినుంచీ చేస్తున్న పని, కలలో మాత్రం ఇంకేం చేస్తుంది.

కానీ ఇవాళ గురువారం. గురువారం నాడు మాత్రం ఆవిడకి కలలో కూడా రాని పని ఒకటుంది. ఒక మనిషిని నువ్వు అనాలి.

ఇందులో ఏముందని అనిపించవచ్చు. ఈ దేశంలో ఇప్పుడు అందరూ అందర్నీ నువ్వే అంటారు. బస్సు డ్రైవర్ని, బళ్ళో టీచర్ని, ఓటడగడానికొచ్చిన మంత్రిని కూడా. కానీ పాతకాలం మనుషుల మధ్య ఒకసారి మీరు అని మొదలైతే అది దానంతటది నువ్వు అయిపోదు. దానికో పద్ధతుంది. ఇక్కడి భాషలో దాని పేరే నువ్వు బేరం. ఒకరు అడగాలి, రెండోవారు ఒప్పుకోవాలి, ఇద్దరూ ఇంటిపేర్లు పక్కనపెట్టి సొంతపేర్లు చెప్పుకుని చెయ్యి కలపాలి, ఎదురుగా ఉన్నదేదో ఒక గుక్క కలిసి తాగాలి. అంతటితో అయిపోయింది, ఇక చచ్చేదాకా నువ్వే. చిక్కంతా అడగడం దగ్గరే. ఎవరు పడితే వాళ్ళు అడగకూడదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అడగాలి. ఆడవాళ్ళు మగవాళ్ళని అడగాలి. పై మెట్టు మీదున్నవాళ్ళు కింది మెట్టు మీదున్నవాళ్ళని అడగాలి. మరి పక్కలు వేసుకునే ఆడమనిషి, తనకంటే వయసులో పెద్దవాడైన మేస్త్రిని అడగొచ్చా అంటే, దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. హిల్కా దగ్గర అసలే లేదు. అందుకని ఎనిమిదేళ్ళుగా నోరు మూసుకుని, ఆయనే అడుగుతారని కూర్చుంది.

ఆయన పేరు ఎన్సియో కర్వినెన్. కుర్చీలకి నవారు బిగించి, ఊడిన కాళ్ళు అతికించి, చిరిగిన గుడ్డ మార్చే మేస్త్రి. ఈ హోటలు ఇంకా హోటలు కాక, ఊళ్ళు తిరిగే అమ్మకందార్లు దిగే పాత వసతిగృహంగా ఉన్నప్పుడు, అప్పటి యజమానురాలు ఆయన్ని వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి, "వీరు కర్వినెన్ గారు, మేస్త్రి. వీరు రౌతియో గారు, గదులు చూస్తారు" అంది. ఇద్దరూ తల వంచారు. ఆ యజమానురాలు పోయింది, ఇల్లు చేతులు మారింది, గోడలు పడగొట్టి మళ్ళీ కట్టారు, గడపలు కూడా మార్చారు. ఆవిడ ఆ రోజు పెట్టిన రెండు గారులు మాత్రం అలాగే ఉండిపోయాయి. పేరున్నవాళ్ళు గీసిన ఖరీదైన కుర్చీలు వచ్చాక కర్వినెన్ గారి పని తగ్గలేదు సరిగదా పెరిగింది. ఖరీదైన కుర్చీలు కూడా విరుగుతాయి, కూర్చునేది మనుషులే కాబట్టి. ప్రతి గురువారం వస్తారు, కోటు తీసి మేకుకి తగిలిస్తారు, "నమస్కారం రౌతియో గారూ, రోడ్డు జారుతోందండి, చూసి నడవండి" అంటారు. వేసవైతే రోడ్డు బదులు ఎండ. తలుపు దగ్గర ఎదురుపడితే పక్కకి జరిగి ఆవిడకి దారిస్తారు. పక్కలు వేసే మనిషికి దారిచ్చే మగవాణ్ణి హిల్కా అంతకుముందు చూడలేదు.

జుట్టంతా తెల్లగా ఉండేది, నడుం కాస్త వంగి ఉండేది. తనకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవారనుకుంది. అనుమానం కూడా రాలేదు.

పోయిన నెల ఒకరోజు, అతిథులు వదిలేసిన పేపర్లు పోగుచేస్తుంటే పుట్టినరోజుల పేజీ కనబడింది. ఈ ఊళ్ళో అరవై నిండితే పేపర్లో వేస్తారు. కర్వినెన్ ఎన్సియో, కుర్చీల మేస్త్రి, హెల్సింకీ, అరవయ్యేళ్ళు. పక్కనే చిన్నగా "ప్రయాణంలో" అని ఉంది. అంటే ఎవరూ కేకులు పట్టుకుని ఇంటికి రావద్దని అర్థం. అలా వేయించుకున్నవాళ్ళెవరూ ఎక్కడికీ వెళ్ళరు. మే నెలలో హిల్కా కూడా సరిగ్గా అదే మాట వేయించి, రోజంతా తెరలు దింపుకుని సొంత ఇంట్లో దొంగలా కూర్చుంది. అందుకని ముందు నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే లెక్క తగిలింది. తనది మే, ఆయనది అక్టోబరు. పెద్దది తను.

అంటే ఇన్నేళ్ళూ అడగవలసిన వంతు తనదన్నమాట.

ఆ తరవాత గురువారాలు వచ్చాయి, పోయాయి. ప్రతి బుధవారం రాత్రీ ధైర్యం బోలెడంత ఉండేది, తెల్లారేసరికి ఎటు పోయేదో. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, అసలు ఆ పెదవి దాటడమే గగనమైపోయింది.

పొడిమంచు గది తలుపు వేస్తుంటే పిహ్లా లిఫ్టులోంచి దిగింది. రిసెప్షన్‌లో కూర్చునే ఈ పిల్లకి ఇరవై మూడో నాలుగో ఉంటాయి. పొద్దున్నే ఎక్కడ ఎవరికి ఏం జరిగిందో దానికి తెలిసిపోతుంది.

"హిల్కా, కాసేపు లాంజ్‌లోకి రాకు. పత్రికవాళ్ళు ఫొటోలు తీస్తున్నారు. మనుషులు కనబడకూడదట."

"మనుషులు లేకుండా హోటలేమిటే?"

"అదే స్టైలు. నీకు చెప్పినా అర్థం కాదు." పిహ్లా దుప్పట్లబండి మీదున్న సబ్బు ఒకటి తీసి వాసన చూసింది. "అన్నట్టు మీ ఆయన వచ్చాడా?"

"ఎవరి ఆయన?"

"అదే, నీ కుర్చీలాయన. ఆఖరి రోజు కదా, మేనేజరు ఏదో కానుక కూడా కొన్నాడు."

హిల్కా బండి తోయడం ఆపింది. "దేనికి ఆఖరి రోజు?"

"నీకు చెప్పలేదా?" పిహ్లా సబ్బు కింద పెట్టేసింది. "వాళ్ళన్నయ్యకి పక్షవాతమట, అక్కడెక్కడో ఉత్తరాన కయానీలో. చూసుకునేవాళ్ళు లేరట. దుకాణం ఖాళీ చేసేశాడు, సామాను కూడా పంపించేశాడు. ఇవాళ మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోతున్నాడు. నీకు తెలుసనుకున్నాను."

"మంచిది," అంది హిల్కా. ఎందుకన్నదో ఆవిడకే తెలియదు. కార్డుల మీద చదివీ చదివీ నోటికి అదే వచ్చినట్టుంది.

"ఏం మంచిది, నీ మొహం. ఎనిమిదేళ్ళనుంచి గారూ అంటే గారూ అనుకుంటూ తిరుగుతున్నారు. మీ ఇద్దర్నీ చూస్తే నాకు మ్యూజియంలో ఉద్యోగం చేస్తున్నట్టుంటుంది. పేరుపెట్టి పిలిచెయ్యి, ఏమవుతుంది?"

"పిలిచెయ్యడానికి ఆయనేమన్నా కుక్కపిల్లా?"

పిహ్లా నవ్వి వెళ్ళిపోయింది. హిల్కా బండిని చెట్టుమంచులోకి తోసుకెళ్ళి తలుపు వేసుకుంది.

చెట్టుమంచు తెల్లటి గది. తెర, గోడ, మంచం అన్నీ తెలుపే. కిటికీలో పొగమంచు కూడా తెలుపే కావడంతో గది ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలియకుండా ఉంది. మంచం అంచున నిలబడి హిల్కా పాలగాజు దీపాన్ని చూస్తూ, "నువ్వు" అంది. దిండుని చూసి "ఎన్సియో, నువ్వు" అంది. మాట గొంతులో వంకరపోయింది. వేల కార్డులు, వేల దిండ్ల మీద, వేలమంది ముక్కూమొహం తెలియని మనుషులకి ఈ చేత్తోనే నువ్వు, నువ్వు అని పంచిపెట్టింది. తనకంటూ కావలసిన ఒక్కటి మాత్రం నోరు తిరగడం లేదు.

స్నానపుతొట్టి తోముతుంటే రెయినో గుర్తొచ్చాడు. కట్టుకున్నవాడు. ఓడల్లో పనిచేసేవాడు, వేసవి నాట్యశాలలో చూసిన మొదటిరోజే చెయ్యిపట్టుకుని, "నువ్వు బాగా ఆడతావే" అన్నాడు. అడగలేదు, పెట్టలేదు. అప్పట్లో అది మగతనంలా కనబడింది. మూడో ఏడు స్వీడన్‌లో యెతెబొరి వెళ్ళే ఓడెక్కాడు, మరి దిగలేదు. దిగినా ఇటు దిగలేదు. ఎక్కడో చనిపోయాడని చాన్నాళ్ళకి ఎవరో చెప్పారు. అడక్కుండా వచ్చిన నువ్వు అడక్కుండానే పోయింది. అందుకే ఆవిడకి అడగడం అంటే అంత గౌరవం. అడిగి ఇచ్చిపుచ్చుకున్నది నిలబడుతుందని ఎక్కడో లోపల ఒక నమ్మకం. ఆ నమ్మకం పట్టుకునే ఇన్నేళ్ళు కూర్చుంది. అడగందే అమ్మయినా పెట్టదన్న సంగతి మాత్రం మర్చిపోయింది.

తొట్టిలోంచి నీళ్ళు సుడి తిరిగి పోతుంటే చూస్తూ కూర్చుండిపోయింది. గురువారాలు లేని వారం ఎలా ఉంటుందో ఊహకందలేదు. బుధవారం తరవాత నేరుగా శుక్రవారం వస్తుంది కాబోలు.

గురువారం అంటే బఠాణీ సూపు. దేశమంతా అదే తింటుంది, హర్మా నేలమాళిగలో పనివాళ్ళ భోజనాల గదిలో కూడా అదే. హిల్కా దిగేసరికి కర్వినెన్ గారు అప్పటికే వచ్చి బల్ల చివర కూర్చుని ఉన్నారు. ఇవాళ కోటు మేకుకి తగిలించలేదు, మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. ఒంటి మీద మంచి చొక్కా, దాని మీద ఊలు చేతుల్లేని కోటు. ప్రయాణానికి వేసుకున్నవి. పెద్ద చేతులు, బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి పడి నల్లగా ఉండిపోయింది. ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డారు.

"నమస్కారం రౌతియో గారూ. పొగమంచు బాగా పట్టిందండి. చూసి నడవండి."

"నమస్కారమండి," అంది హిల్కా.

"నేను బాగుచెయ్యవలసిన కుర్చీ పత్రికవారు ఇంకా వదల్లేదు. కాలు ఊగుతున్నదే వాళ్ళకి కావాలట. అందులో జీవం ఉందట."

ఇంకోరోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇద్దరూ సూపులోకి చూశారు. మేనేజరు వచ్చి, "ఎన్సియో, నువ్వు లేకపోతే మా కుర్చీలు ఏమైపోతాయో" అంటూ భుజం తట్టి, హోటలు పేరున్న బూడిదరంగు కప్పొకటి చేతిలో పెట్టాడు. కప్పు మీద "తాగు" అని ఉంది. "మీ దయ" అన్నారు కర్వినెన్ గారు. మేనేజరుకి ఏళ్ళతరబడి మీ దయలు ఇచ్చినా ఒక్కటీ అర్థం కాలేదు. వెళ్ళిపోయాడు.

గదిలో వంటవాళ్ళు ఇద్దరు మిగిలారు, వాళ్ళు దూరంగా ఉన్నారు. ఇప్పుడు కాకపోతే లేదు అనుకుంది హిల్కా. చెంచా కింద పెట్టింది.

"కర్వినెన్ గారూ, మీరు..."

"చెప్పండి."

ఆయన కళ్ళు నీలం, అంచుల్లో కొంచెం నీరు. అన్నీ వింటాను, తొందరేం లేదన్నట్టు చూస్తున్నారు. హిల్కాకి చెవుల దాకా వేడెక్కింది.

"... ఆవముద్ద వేసుకోలేదు," అని గిన్నె ముందుకి తోసింది.

"ఆఁ, మర్చిపోయాను," అన్నారాయన. వేసుకుని, మెల్లగా కలిపారు. కలుపుతూనే ఉన్నారు. కలపడానికి అంతసేపు పట్టదు.

సూపు అయ్యాక పైనుంచి కబురొచ్చింది, కుర్చీ వదిలేశారని. మరమ్మతులు ఆయన ఎప్పుడూ పెరటివైపు బట్టలగదిలో చేస్తారు. దుప్పట్లు, దిండుగలీబులు మడతలుపెట్టి కప్పుదాకా పేర్చిన గది అది. అన్ని వైపులా మెత్తగా ఉండటంవల్ల అక్కడ మాట కూడా చప్పుడు చెయ్యదు. హిల్కా వంటింట్లోకి వెళ్ళి కాఫీ పోసింది, రెండు కప్పులు. పళ్ళెంలో ఒలికింది. తుడుపుగుడ్డతో తుడిచింది. మళ్ళీ ఒలికింది. ఈసారి తుడవలేదు.

ఆమె వెళ్ళేసరికి కర్వినెన్ గారు కుర్చీని బోర్లా పెట్టి, పాత జిగురు గీకేసి, గూట్లో కొత్తది పూసి కాలు దూర్చి బిగిస్తున్నారు. చిన్న కిటికీలోంచి పాలవంటి వెలుతురు పడుతోంది. ఆయన చేతులు తప్ప గదిలో ఏదీ కదలడం లేదు. బిగింపు మర ఆఖరి చుట్టు తిప్పి, చెవి పెట్టి విన్నారు. కుర్చీ కిర్రుమనలేదు.

"కాఫీ తెచ్చానండి."

"మీకెందుకండీ శ్రమ. కూర్చోండి."

"కూర్చుంటే లేవలేను," అంది హిల్కా. కప్పులు దుప్పట్ల దొంతర మీద పెట్టి, చేతులు నడుం దగ్గరున్న గుడ్డకి తుడుచుకుంది. ఊపిరి తీసుకుంది. "మీ పుట్టినరోజు పేపర్లో చూశాను. మీది అక్టోబరు. నాది మే."

ఆయన మర మీదనుంచి చెయ్యి తీశారు. "అవునండి."

"అంటే పెద్దదాన్ని నేను."

"ఐదు నెలలండి."

"మీకు తెలుసా?"

"మే నెలలో, మీ పుట్టినరోజు తరవాతి గురువారం, మీ కేకు తిన్నాను కదండీ ఇక్కడ. దాని మీద చక్కెరతో అరవై అని వేశారు."

హిల్కా నడుం దగ్గరి గుడ్డ లాగి మళ్ళీ దోపుకుంది. "నేను మిమ్మల్ని పెద్దవారనుకున్నాను. పైగా మీరు మేస్త్రి. మీరే అడుగుతారని చూశాను. ఇన్నేళ్ళూ చూశాను."

కర్వినెన్ గారు బోర్లా ఉన్న కుర్చీ అంచు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నారు. తెల్లజుట్టులోకి వేళ్ళు పోనిచ్చి అలాగే ఉంచారు.

"మీరు ఆడవారు కదా, మీరే అడగాలి కదా అని నేను చూశానండి. మొదటి ఏడాదంతా ఇవాళ అడుగుతారు, ఇవాళ అడుగుతారు అనుకుంటూ వచ్చాను. అడగలేదు. ఇష్టం లేదేమో అనుకున్నాను. ఇష్టం లేనివారిని ఇబ్బంది పెట్టకూడదు కదండీ. మే నెలలో కేకు తిన్నప్పుడు, సరే, ఇప్పుడు వయసు కూడా వారి వైపే ఉంది, ఇక అడ్డేముంది అనుకున్నాను. వేసవంతా చూశాను." ఆగి, గొంతు సవరించుకున్నారు. "ఆగస్టులో అన్నయ్య కబురు పెట్టాడు. నాకిక్కడ ఎవరున్నారు అనుకుని, వస్తానని మాటిచ్చేశాను."

ఇద్దరు మర్యాదస్తులు ఒక గుమ్మం దగ్గర, ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోతే ఏమవుతుంది, ఇద్దరూ చలిలోనే ఉంటారు. హిల్కాకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తన మీద, ఆయన మీద, ఎప్పుడో పోయిన యజమానురాలి మీద, ఈ పాడు పద్ధతి పెట్టినవాళ్ళ తాతముత్తాతల మీద.

"ఆగస్టుకి ముందు అడిగి ఉంటే?"

"ఉండిపోయేవాణ్ణి," అన్నారు కర్వినెన్ గారు. "అన్నయ్యనే ఇక్కడికి తెచ్చుకునేవాణ్ణి."

ఇంత సూటి మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. దుప్పట్ల మధ్య ఆ మాట ఎటూ పోకుండా అక్కడే ఉండిపోయింది. రేవులో మళ్ళీ ఓడ కూసింది. ఆలస్యం అమృతం విషం అంటారు. విషమే అయినా అమృతం అమృతమే, పారబోసే ధైర్యం హిల్కాకి లేదు.

"అయినా అడుగుతున్నాను," అంది. "పెద్దదాన్ని కాబట్టి, ఆడదాన్ని కాబట్టి అడుగుతున్నాను. ఇకమీదట నువ్వు అనుకుందామా?"

ఆయన లేచి నిలబడ్డారు. చేతుల్లేని కోటు బొత్తాలు పెట్టుకున్నారు. కుడిచెయ్యి పంట్లానికి తుడుచుకుని ముందుకి చాపారు.

"ఎన్సియో."

"హిల్కా."

చేతులు కలిశాయి. ఎంత తుడుచుకున్నా అరచేతిలో జిగురు మిగిలే ఉంది. విడిపించుకునేటప్పుడు రెండు చేతులూ ఒక్క క్షణం ఒకదాన్నొకటి వదల్లేదు. ఇద్దరూ చేతుల వంక చూసుకుని, ఆ రోజుకి మొదటిసారి నవ్వారు. తరవాత కప్పులు తగిలించి, ఒక గుక్క తాగారు.

"కాఫీ బాగుంది, హిల్కా," అన్నాడు ఎన్సియో.

"నీకు చిక్కగా ఇష్టమని..." అంది హిల్కా. నీకు అన్న మాట తేలిగ్గా వచ్చేసింది, ఎప్పటినుంచో అలవాటున్నట్టు. అంత తేలికైన మాటకి ఇన్నాళ్ళా అని ఆశ్చర్యపోయింది.

ఆ కాఫీ అయ్యేవరకూ ఇద్దరూ ఆ మాటని ఎక్కడ పడితే అక్కడ వాడారు. నీ మోకాళ్ళెలా ఉన్నాయి. నువ్వు పోయినేడు పడ్డావు చూడు, అప్పటినుంచీ అడగాలనుకుంటున్నాను. నీ అన్నయ్య మాట్లాడగలుగుతున్నాడా. నిన్ను చూసి ఏం నేర్చుకున్నానంటే, అన్నాడు ఎన్సియో, మూల మడత. నువ్వు దుప్పటి మడిచినట్టు మూల మడిచి కుర్చీకి గుడ్డ కట్టడం ఈ మధ్యనే వచ్చింది. ఇవన్నీ పెద్ద మాటలేం కావు. ఏళ్ళతరబడి రోజుకొకటి చొప్పున చెప్పుకోవలసిన చిన్నమాటలు, అన్నీ ఒక్కసారి పోసుకుంటే గొంతుకి అడ్డం పడుతున్నాయి. కిటికీలో వెలుతురు అప్పుడే పలచబడుతోంది. ఇలాగే ఉండిపోతే ఈ రోజు నిజంగా కలే అయిపోతుందేమో, ఎవరూ తనని లేపకుండా ఉంటే బాగుండును అనుకుంది హిల్కా.

ఎన్సియో గోడ గడియారం చూశాడు. "వెళ్ళాలి."

"స్టేషన్‌కి వస్తాను."

"వద్దు. ప్లాట్‌ఫారం మీద నువ్వు నిలబడి ఉంటే నేనెక్కలేను. ఎక్కకపోతే అక్కడ వాడికి మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదు."

వెళ్ళకు అనే హక్కు ఇప్పుడు ఆవిడకి ఉంది. నువ్వుతో వచ్చే హక్కుల్లో అదొకటి. నాలుక చివరిదాకా వచ్చింది. మంచంలో ఉన్న ముసలాయన్ని తలుచుకుని మింగేసింది.

"ఇక్కడ సర్దుకుని వెళ్తావు కదా," అంది. "నాకింకా ఒక గది మిగిలింది."

"సర్దుకుని వెళ్తాను."

"సరే. వెళ్ళిరా, ఎన్సియో."

"వస్తాను, హిల్కా."

ఏప్రిల్ మంచు మూడో అంతస్తులో, వీధివైపు గది. హిల్కా పక్క విప్పుతూ విప్పుతూ కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద గుమ్మంలోంచి ఒక మనిషి సంచి భుజానికేసుకుని బయటికొచ్చాడు. కాస్త వంగిన నడుం, తెల్లజుట్టు. ట్రామ్ స్టాపు వైపు నడిచాడు. రోడ్డు మధ్యలో ఆగి వెనక్కి తిరిగి పైకి చూశాడు. ఏ కిటికీయో తెలియక అన్ని కిటికీలవైపూ చూశాడు. హిల్కా చెయ్యి ఊపింది. కనబడిందో లేదో. పొగమంచులో ముందు సంచి కనబడకుండా పోయింది, తరవాత తల. ట్రామ్ గంట వినిపించింది, కదిలిన చప్పుడు వినిపించింది. వీధి మళ్ళీ బూడిదరంగుగా ఉంది.

కొంతసేపటికి, మంచానికి ఉతికిన దుప్పట్లు లేవని గుర్తొచ్చి కిందికి దిగింది.

బట్టలగది ఊడ్చి ఉంది. గీకిన జిగురు పొట్టు కూడా ఎత్తేశాడు. కాఫీ కప్పులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉన్నాయి. కుర్చీ ఇప్పుడు నాలుగు కాళ్ళ మీద గోడవారగా నిలబడి ఉంది. జిగురు ఆరేదాకా ఎవరూ కూర్చోకుండా మరమ్మతు చేసిన ప్రతి కుర్చీకీ ఎన్సియో ఒక అట్టముక్క కట్టి వెళ్తాడు. ఈ ఇంట్లో ఎన్ని కుర్చీలకి కట్టాడో, ఎన్నిటిని మర్నాడు హిల్కాయే విప్పి చెత్తబుట్టలో వేసిందో. అన్నిటి మీదా ఎప్పుడూ ఒకటే మాట ఉండేది, "దయచేసి రేపటిదాకా కూర్చోకండి" అని. ఎవరు చదువుతారో తెలియకపోయినా ఎన్నడూ మర్యాద తప్పలేదు.

హిల్కా దుప్పట్లు తీసుకుని, వెళ్ళబోతూ, చంకలో దుప్పట్లతోనే వంగి చదివింది. కుర్చీ వీపుకి కట్టిన నూలుదారానికి అట్టముక్క ఇంకా కొంచెం ఊగుతోంది. దాని మీద పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో, "రేపటిదాకా కూర్చోకు" అని ఉంది.